బిళ్ల చూపించు, లోపలికి వెళ్ళు!

గోదావరిఖనిలో తెల్లవారకముందే వీధులు మేలుకుంటాయి. మొదటి షిఫ్టు కార్మికులు టిఫిను డబ్బా, నీళ్ళ సీసా పట్టుకుని గని దారి పడతారు. అక్కడివాళ్ళు గనిని 'బాయి' అంటారు. 'బాయికి పోయిండు' అంటే పనికి వెళ్ళాడని అర్థం.

వాళ్ళలో ఒకాయన వెనకాలే మనమూ వెళ్దాం. ఆయన పేరు కొమురయ్య అనుకుందాం.

గని దగ్గరికి చేరగానే కొమురయ్య నేరుగా లోపలికి దిగిపోడు. ముందు టైం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి పేరూ నంబరూ చెబుతాడు. గుమస్తా పుస్తకం చూసి హాజరు వేస్తాడు. దీనినే 'మస్టరు పడడం' అంటారు. తర్వాత దీపాల గది. అక్కడ టోపీకి తగిలించుకునే దీపాలు వరుసగా చార్జి అవుతూ వుంటాయి. ప్రతి దీపానికీ ఒక నంబరు వుంటుంది. ఏ దీపం ఎవరికి ఇచ్చారో రాసుకుంటారు. అనేక గనుల్లో చాలకాలంగా వున్న పద్ధతి ఏమిటంటే, కార్మికుడు తన నంబరున్న లోహపు బిళ్లను అక్కడ యిచ్చి దీపం తీసుకుంటాడు. దీపం వున్న చోట బిళ్ల వేలాడుతుంది. ఆ తర్వాత గని ముఖద్వారం దగ్గర జేబులు తడిమి చూస్తారు. బీడీ, అగ్గిపెట్టె లోపలికి పోకూడదు. గనిలో మీథేన్ వాయువు వుంటే ఒక్క నిప్పురవ్వ చాలు గదా!

కొమురయ్య గుమస్తాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషే. మరి రోజూ ఈ తతంగమంతా దేనికి? జీతం లెక్క కోసమేనా?

జీతం కోసం కూడా. కాని అంతకంటె పెద్ద కారణం ఇంకొకటి వుంది. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఇటువంటి ఆపద ఏ గనిలో వచ్చినా పైనున్నవాళ్ళు మొట్టమొదట వేసే ప్రశ్న ఒక్కటే: "లోపల ఎవరెవరున్నారు?" దానికి ఊహతో జవాబు చెప్పకూడదు. "కొమురయ్య ఇందాక కనిపించాడే!" అంటే కుదరదు. బిళ్ల వేలాడుతున్నదంటే మనిషి లోపల వున్నాడు. బిళ్ల లేదంటే పైకి వచ్చేశాడు. అందుకే 1952 నాటి గనుల చట్టం, భూగర్భంలో ఏ క్షణాన ఎవరెవరున్నారో పేర్లతో సహా తెలిపే పుస్తకం వుండి తీరాలని శాసించింది.

అంటే గని ముంగిట మూడు సంగతులున్నాయి. ఒకటి, 'నువ్వెవరు?' అన్న ప్రశ్న. రెండు, జవాబు నిజమో కాదో తేల్చే పుస్తకం. మూడు, చేతిలో పెట్టే బిళ్ల. ఈ మూడింటినీ గుర్తు పెట్టుకోండి. ఇక గని దగ్గరనుంచి కొమురయ్య ఇంటికి వెళ్దాం. అక్కడ ఆయన కూతురి ఫోనులో ఇవే మూడూ మనకు మళ్ళీ కనిపిస్తాయి.

ఉత్తరాలు ఫోనులో వుండవు

కొమురయ్య కూతురు స్వరూప ఒక పెద్ద సంస్థలో లెక్కల విభాగంలో పని చేస్తున్నదనుకుందాం. ఆఫీసు ఉత్తరాలు ఆమె తన మొబైల్ ఫోనులో చదువుకుంటుంది.

"బిడ్డా, గా ఉత్తరాలన్నీ గింత ఫోన్ల ఎట్ల పట్టినయే?" అని తండ్రి అడిగాడు.

"ఇండ్ల లేవు బాపూ. అవి ఆఫీసు కంప్యూటర్ల ఉంటయి. ఇది కిటికీ లెక్క, అంతే."

స్వరూప చెప్పింది నిజమే. ఈ-మెయిల్ ఉత్తరాలను దాచి వుంచే కంప్యూటరును మెయిల్ సర్వరు అంటారు. పోస్టాఫీసులో ఒక్కొక్కరికి ఒక్కొక్క పెట్టె వున్నట్లే అందులోనూ ఒక్కొక్కరికి ఒక పెట్టె వుంటుంది. ఉత్తరాలను సర్వరులోనే వుంచి దూరంనుంచి చదువుకునే ఐమాప్ అనే పద్ధతిని మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో రూపొందించాడు. అందుకే స్వరూప ఆఫీసు కంప్యూటరులో చదివిన ఉత్తరం ఫోనులోకూడా చదివినట్లే కనిపిస్తుంది. పెట్టె ఒక్కటే, కిటికీలు రెండు.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. ఆఫీసులోని కంప్యూటరయితే గోడల మధ్య వుంటుంది, గేటు దగ్గర కాపలా వుంటుంది. ఫోను అలా కాదు. ఈ రోజు రామగుండం రైల్వేస్టేషనులో, రేపు హైదరాబాదు బస్సులో వుంటుంది. ఎక్కడినుంచో ఒక ఫోను వచ్చి, "నేను స్వరూపను, నా పెట్టె తెరువు" అంటే సర్వరు నమ్మడమెలా? మొహం చూసి గుర్తుపట్టే గుమస్తా అక్కడ లేడు. వైరు వెంట వచ్చే అంకెలు తప్ప సర్వరుకు మరేమీ కనిపించవు.

కాబట్టి సర్వరుకూడా గని గుమస్తా వేసే ప్రశ్నే వేస్తుంది: "నువ్వెవరు? రుజువేమిటి?"

ఎన్ని గేట్లుంటే అన్ని పుస్తకాలా?

స్వరూప తన పేరూ, తనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డూ చెబుతుంది. సర్వరు దగ్గర ఒక జాబితా వుంచి, అందులో చూసుకుంటే సరిపోదా?

చిన్న సంస్థకయితే సరిపోతుంది. పెద్ద సంస్థ సంగతి వేరు. బొగ్గు గనులనే తీసుకోండి. ఇల్లెందు దగ్గర 1889లో తవ్వకం మొదలయినప్పుడు ఉన్నవి కొద్దిపాటి గనులు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు దాని గనులు కొత్తగూడెం, మణుగూరు, భూపాలపల్లి, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ ఇలా గోదావరి లోయ పొడవునా పరచుకుని వున్నాయి. ఇలా నలుదిక్కులా విస్తరించిన ఏ సంస్థలోనయినా ఉత్తరాలకొక సర్వరు, జీతాలకొకటి, సెలవులకొకటి, ఆసుపత్రికొకటి, సామాను గిడ్డంగికొకటి వుండవచ్చు. ప్రతి దానికీ ఒక గేటు. ఒక్కొక్క గేటు దగ్గర ఒక్కొక్క జాబితా పెట్టారనుకోండి. ఏమవుతుంది?

ఒకాయన పదవీ విరమణ చేశాడు. జీతాల జాబితాలో పేరు కొట్టేశారు, ఉత్తరాల జాబితాలో మరచిపోయారు. ఇంకొకామెకు బదిలీ అయింది. మూడు జాబితాలలో కొత్త వూరు, రెండింటిలో పాత వూరు! స్వరూపకయితే అయిదు పాస్‌వర్డులు గుర్తుండాలి. గుర్తుండవు కాబట్టి చీటీ మీద రాసి బల్లకు అంటిస్తుంది. అంతే, రహస్యం కాస్తా బట్టబయలు.

దీనికి విరుగుడు ఒక్కటే. గేట్లు ఎన్ని వున్నా పుస్తకం మాత్రం ఒక్కటే వుండాలి. ప్రతి గేటూ ఆ పుస్తకాన్నే అడగాలి. కంప్యూటర్ల ప్రపంచంలో ఈ పుస్తకాన్ని డైరెక్టరీ అంటారు. టెలిఫోను డైరెక్టరీని పెద్దవాళ్ళనడిగి తెలుసుకోండి, ఆ పేరే దీనికి వచ్చింది.

డైరెక్టరీలు ఎలా వుండాలో 1988లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని పేరు ఎక్స్.500. అది మంచిదే కాని చాల బరువైనది. ఆనాటి చిన్న కంప్యూటర్లు మోయలేకపోయేవి. దానిని అడగడానికి తేలికపాటి భాష ఒకటి కావాలని అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ హోవ్స్, మరికొందరు కలిసి 1993లో ఎల్‌డ్యాప్ అనేదానిని ప్రకటించారు. ఆ పేరులో మొదటి అక్షరానికి 'తేలిక' అనే అర్థం. ఈనాటికీ ఎన్నో సంస్థలలో గేట్లు పుస్తకాన్ని అడిగే భాష అదే.

ఈ పుస్తకం పేజీలు పేజీలుగా వుండదు, చెట్టులాగా వుంటుంది. మొదట్లో సంస్థ, దానికి ప్రాంతాలనే పెద్ద కొమ్మలు, వాటికి విభాగాలనే చిన్న కొమ్మలు, కొసన మనుషులనే ఆకులు. స్వరూప పూర్తి చిరునామా ఆకునుంచి మొదటికి చదువుతారు: స్వరూప, లెక్కల విభాగం, రామగుండం, ఫలానా సంస్థ. మనం ఉత్తరం మీద చిరునామా రాసే పద్ధతి ఇదే గదా! ఒకే విభాగంలో ఇద్దరు స్వరూపలుంటే? అందుకే పేరుకు బదులు ఉద్యోగి నంబరు వాడతారు. గనిలో బిళ్ల మీద పేరుండదు, నంబరుంటుంది. కారణం ఒక్కటే.

అడిగే తీరు

స్వరూప ఫోను తలుపు తట్టినప్పుడు ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం.

మొదట, ఫోను తన పేరునూ పాస్‌వర్డునూ మెయిల్ సర్వరుకు పంపుతుంది.

రెండు, మెయిల్ సర్వరు డైరెక్టరీ దగ్గరికి వెళ్ళి, "ఈ నంబరు మనిషి మీ చెట్టులో ఎక్కడుంది?" అని అడుగుతుంది. ఇలా వెతకడానికి సర్వరుకుకూడా ఒక చిన్న గుర్తింపు ఇచ్చివుంటారు. ఆ గుర్తింపుతో చూడడానికి మాత్రమే వీలుండాలి, పుస్తకంలో రాయడానికి వీలుండకూడదు.

మూడు, డైరెక్టరీ పూర్తి చిరునామా చెబుతుంది.

నాలుగు, సర్వరు ఆ చిరునామానూ, ఫోను ఇచ్చిన పాస్‌వర్డునూ డైరెక్టరీ ముందుంచి, "ఈ ఇద్దరికీ జత కుదురుతుందా?" అంటుంది. ఎల్‌డ్యాప్ భాషలో దీనికి బైండు అని పేరు.

అయిదు, డైరెక్టరీ ఒక అంకె చెబుతుంది. 0 అంటే 'సరే'. 49 అంటే 'పేరుకూ రుజువుకూ పొంతన లేదు'.

సున్నా వస్తే పెట్టె తెరుచుకుంటుంది, లేకపోతే లేదు. ఇంత పనీ కనురెప్ప వేసేలోగా జరిగిపోతుంది.

ఇందులో ఒక తెలివైన సంగతి వుంది, గమనించారా? స్వరూప పాస్‌వర్డు ఏమిటో పుస్తకాన్నడిగి తెలుసుకునే హక్కు మెయిల్ సర్వరుకు లేదు. అది అడగగలిగేది 'అవునా, కాదా?' అని మాత్రమే. అందుచేత ఎవరైనా దొంగ మెయిల్ సర్వరులో దూరినా అక్కడ అందరి పాస్‌వర్డుల జాబితా దొరకదు.

పుస్తకంలోనూ రహస్యం వుండదు

"మరి దొంగ డైరెక్టరీలోనే దూరితే?" అని అడుగుతారు మీరు. బాగా అడిగారు. దీనికి ఒక పాత కథ వుంది.

1960ల దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం ఒకే కంప్యూటరును అనేకమంది పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి కాగితాలు వారికే కనిపించాలని ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు పెట్టారు. ఆ పాస్‌వర్డులన్నీ ఉన్నవి ఉన్నట్లు ఒకే ఫైలులో రాసి వుండేవి. ఒకరోజు ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో పని చేస్తున్నారు. ఒకరు ఆనాటి స్వాగత సందేశాన్ని దిద్దుతున్నారు, మరొకరు పాస్‌వర్డుల ఫైలును దిద్దుతున్నారు. ఏదో పొరపాటున రెండు ఫైళ్ళూ తారుమారయ్యాయి. ఇంకేముంది! ఆ తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ 'స్వాగతం' బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. ఈ కథను తర్వాత కార్బటోగారే చెప్పారు.

కాబట్టి పాస్‌వర్డును పుస్తకంలో రాయకూడదు. రాయకుండా సరిపోల్చడమెలా? ఒక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

మీ రహస్య సంఖ్య 3786 అనుకోండి. దానిని దానితోనే గుణించండి. 14333796 వస్తుంది. ముందు రెండంకెలు, వెనక రెండంకెలు కొట్టేయండి. మధ్యలో 3337 మిగిలింది. పుస్తకంలో 3786 రాయరు, ఈ 3337 మాత్రమే రాస్తారు. రేపు మీరు వచ్చి 3786 అంటే మళ్ళీ ఇదే లెక్క చేస్తారు. 3337 వస్తే మీరు మీరే! పుస్తకం దొంగచేతికి చిక్కినా అందులో 3337 వుంటుంది తప్ప 3786 వుండదు. 3337 నుంచి వెనక్కు వెళ్ళే దారి లేదు, ఎందుకంటే కొట్టేసిన అంకెలు పోయాయి. మినప్పప్పు రుబ్బితే పిండి వస్తుంది కాని పిండినుంచి పప్పు రాదు గదా!

అయితే మన లెక్క చాల చిన్నది. నాలుగంకెల సంఖ్యలు మొత్తం పదివేలే. కంప్యూటరు వాటన్నిటినీ ఒక్క క్షణంలో ప్రయత్నించి చూస్తుంది. నిజం డైరెక్టరీలలో వాడే లెక్క ఇంతకంటె ఎన్నో రెట్లు చిక్కయినది. చేయడానికి కావాలనే కొంచెం ఆలస్యమయ్యేటట్లు కూడా తయారు చేస్తారు. మీ పాస్‌వర్డు పొడుగ్గా వుండాలని పెద్దలు చెప్పేది అందుకే. పొడుగుపెరిగినకొద్దీ దొంగ ప్రయత్నించవలసినవి లెక్కకు మిక్కిలి అవుతాయి.

ఇంకొక చిక్కు. ఇద్దరు మనుషులు ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటే పుస్తకంలో ఇద్దరి పేర్ల పక్కనా 3337 కనిపిస్తుంది. ఒకరిది తెలిస్తే రెండవవారిదీ తెలిసిపోయినట్లే. బెల్ ప్రయోగశాలలో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు దీనికి విరుగుడును 1979లో ఒక వ్యాసంలో వివరించారు. ఒక్కొక్కరి పాస్‌వర్డులో ఒక్కొక్క చిటికెడు ఉప్పు వేయాలి! నిజంగానే దాని పేరు ఉప్పు. మన లెక్కలో స్వరూపకు ఉప్పు 1, పక్కనున్న ఆమెకు 5 అనుకోండి. ఇద్దరి రహస్యమూ 3786 అయినా, స్వరూపకు 3787తో లెక్క చేస్తే 3413 వస్తుంది. రెండవ ఆమెకు 3791తో చేస్తే 3716 వస్తుంది. పుస్తకం చూసినవాడికి ఇద్దరి రహస్యమూ ఒక్కటేనని తెలియదు.

దారిలో చెవులుంటాయి

పుస్తకం భద్రం చేశాం. దారి సంగతేమిటి? ఫోను పంపిన పాస్‌వర్డు గాలిలోంచి, ఎన్నో తీగల్లోంచి వెళ్ళాలి. మధ్యలో ఎవరయినా చెవి యొగ్గి వినవచ్చు. అందుకని ఫోనుకూ సర్వరుకూ మధ్య మాటలన్నీ రహస్యలిపిలో సాగుతాయి. దీనిని టి.ఎల్.ఎస్. అంటారు. మాటలు మొదలయ్యేముందు సర్వరు తన ధ్రువపత్రం చూపించాలి. అంటే గుమస్తా మనలను 'నువ్వెవరు?' అనడానికి ముందే మనం గుమస్తాను 'ముందు మీరెవరు?' అని అడుగుతామన్నమాట!

ఒక్కొక్కసారి ఫోను, "ఈ సర్వరు ధ్రువపత్రం సరిగా లేదు, అయినా ముందుకు వెళ్ళాలా?" అని అడుగుతుంది. చాలమంది విసుగుతో 'వెళ్ళు' అని నొక్కేస్తారు. దొంగ గుమస్తా కిటికీలో కూర్చున్నా సరే, బిళ్ల వాడి చేతికే ఇచ్చేసినట్లవుతుంది. అలా ఎన్నడూ చేయకండి.

ఇంకొకటి. దారి రెండు భాగాలుగా వుంటుంది. ఫోనునుంచి మెయిల్ సర్వరుకు ఒకటి, అక్కడినుంచి డైరెక్టరీకి ఒకటి. మొదటిదానికి తాళం వేసి రెండవదానిని బార్లా తెరిచి వుంచితే లాభం లేదు. రెండూ టి.ఎల్.ఎస్. కప్పు కిందనే నడవాలి.

ఖాళీ చేతుల చిక్కు

ఇక ఒక విచిత్రం చెబుతాను. ఎల్‌డ్యాప్‌లో ఎవరయినా పేరు చెప్పి, పాస్‌వర్డు స్థానంలో ఏమీ పెట్టకుండా ఖాళీగా పంపితే ఏమవుతుంది? '49' రావాలని మీరంటారు. కాని నియమం ప్రకారం అలా వచ్చినవాణ్ణి డైరెక్టరీ 'పేరు లేని సందర్శకుడు'గా భావించవచ్చు. సందర్శకులను అనుమతించే డైరెక్టరీ అయితే 0 అంటుంది, అంటే 'సరే, వరండాలో కూర్చో' అని దాని భావం. పాపం మెయిల్ సర్వరుకు ఆ తేడా తెలియదు. 'సరే' అన్న ముక్క విని స్వరూప పెట్టె తెరిచి పెట్టేస్తుంది! ఏమీ తేకుండా వచ్చినవాడు అన్నీ పట్టుకుపోతాడు.

అందుకే 2006లో సవరించిన నియమాలలో ఇటువంటి ఖాళీ అడుగుళ్ళను డైరెక్టరీలు మామూలుగా తిరస్కరించాలని రాశారు. మెయిల్ సర్వరును అమర్చేవారుకూడా ఖాళీ పాస్‌వర్డు వస్తే పుస్తకం దాకా పోకుండానే వెనక్కు పంపేయాలి. ఒక యంత్రం చెప్పిన 'సరే'ను ఇంకొక యంత్రం ఏ అర్థంలో తీసుకుంటున్నదో చూసుకోవడం అమర్చేవారి పని.

జేబులో మొండి ఫోను

ఒక సోమవారం స్వరూప ఆఫీసు కంప్యూటరులో పాస్‌వర్డు మార్చుకుంది. పదకొండు గంటలకల్లా ఆమెకు ఏ గేటూ తెరుచుకోవడం లేదు. జీతాల సర్వరు రానివ్వదు, సెలవుల సర్వరు రానివ్వదు. కొత్త పాస్‌వర్డు సరిగ్గానే కొడుతున్నది. ఏమిటీ మాయ?

దొంగ ఎవరో కాదు, ఆమె సంచిలోని ఫోనే! దానికి పాస్‌వర్డు మారిన సంగతి ఎవరూ చెప్పలేదు. అది అయిదు నిమిషాలకొకసారి పాత పాస్‌వర్డుతో తలుపు తడుతూనే వుంది. దొంగలు పదే పదే ప్రయత్నించకుండా, వరుసగా అయిదు తప్పులయితే ఆ పేరుకు కాసేపు తాళం వేయాలని డైరెక్టరీలో నియమం పెట్టారనుకోండి. మొదటిసారి తట్టిన 20 నిమిషాలకే అయిదు తప్పులూ పూర్తయ్యాయి. పుస్తకం ఒక్కటే కాబట్టి తాళం అన్ని గేట్లకూ పడింది. ఒకే పుస్తకం వుండడం వల్ల వచ్చే సుఖానికి ఇది ఖరీదు. సంస్థల్లో కంప్యూటర్లు చూసుకునేవారికి ఇది నిత్యం ఎదురయ్యే తలనొప్పి.

ఇంకా పెద్ద భయం వేరే వుంది. ఫోనులో పాస్‌వర్డే దాచి వుంచితే, ఫోను బస్సులో పోయిన రోజున అన్ని గేట్ల తాళంచెవీ పోయినట్లే.

మళ్ళీ బిళ్లే దిక్కు

దీనికి పరిష్కారం ఎక్కడ దొరికిందనుకున్నారు? మన కొమురయ్య చేతిలోని బిళ్ల వంటి వస్తువులోనే!

ఫోనులో పాస్‌వర్డు దాచవద్దు. స్వరూప ఒక్కసారి డైరెక్టరీ ఎదుట తన పేరు, పాస్‌వర్డు చెప్పి రుజువు చేసుకుంటుంది. అప్పుడు ఆ ఫోనుకు ఒక టోకెను ఇస్తారు. టోకెను అంటే మనిషి చదివితే అర్థంకాని పొడవాటి అక్షరాల వరుస. దానిపై 'ఇది స్వరూపకు చెందిన ఫలానా ఫోను, ఉత్తరాలు చదవడానికి మాత్రమే, ఇంతవరకే చెల్లుతుంది' అన్న అర్థం వుంటుంది. ఇకనుంచి ఫోను పాస్‌వర్డు చెప్పదు, బిళ్ల చూపిస్తుంది. గడువు తీరితే కొత్త బిళ్ల పుచ్చుకుంటుంది. ఇటువంటి బిళ్లలు ఇచ్చే ఓఆత్ అనే పద్ధతిలో రెండవ రూపం 2012లో ప్రమాణంగా వెలువడింది. మైక్రోసాఫ్టు కంపెనీ తన ఇంటర్నెట్ మెయిల్ సేవలో ఫోనులు నేరుగా పాస్‌వర్డు పంపే పాత పద్ధతిని 2022 అక్టోబరునుంచి మూసివేయడం మొదలుపెట్టింది.

ఫోను పోయిందా? ఆ ఒక్క బిళ్లను రద్దు చేస్తారు. స్వరూప పాస్‌వర్డు క్షేమం, ఆఫీసు కంప్యూటరు బిళ్ల క్షేమం. బిళ్ల దొరికినవాడికి పనికిరాని అక్షరాలు తప్ప మరేమీ మిగలవు.

గుర్తింపు వేరు, అనుమతి వేరు

ఒక మాట మరచిపోకూడదు. కొమురయ్య కొమురయ్యే అని తేలినంతమాత్రాన ఆయన మందుగుండు ముట్టుకోవడానికి వీలులేదు. గనిలో బొగ్గు పేల్చే పని అందుకు యోగ్యతాపత్రం వున్నవారిదే. నువ్వెవరు అన్నది ఒక ప్రశ్న, నువ్వేం చేయవచ్చు అన్నది ఇంకొక ప్రశ్న. డైరెక్టరీలోకూడా ప్రతి మనిషి పేరుతోబాటు ఆ మనిషి ఏయే బృందాలకు చెందినదో రాసివుంటుంది. స్వరూప తన ఉత్తరాలు చదవవచ్చు, పక్కవారివి చదవకూడదు. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒకటే అనుకున్న చోటల్లా ఇబ్బందులు వస్తాయి.

మీరే ఆడి చూడండి

తరగతిలో నలుగురు కలవండి. ఒకరు ఫోను, ఒకరు మెయిల్ సర్వరు, ఒకరు డైరెక్టరీ, ఒకరు దొంగ. ఫోను అయినవారు ఒక నాలుగంకెల రహస్యం తలచుకుని, డైరెక్టరీ అయినవారికి మాత్రం ఒక్కసారి చెవిలో చెప్పండి. డైరెక్టరీ దానికి ఒక ఉప్పు అంకె కలిపి, మనం చేసిన గుణకారం చేసి, ఉప్పునూ మధ్యనున్న నాలుగంకెలనూ మాత్రమే కాగితంపై రాసుకోవాలి. రహస్య సంఖ్యను రాయకూడదు. గుణిస్తే ఏడంకెలే వస్తే ముందొక సున్నా చేర్చుకోండి. తర్వాత దొంగ అయినవారు ఆ కాగితం తీసుకుని రహస్యం కనిపెట్టడానికి ప్రయత్నించండి. ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. ఆ తర్వాత రహస్యం నాలుగంకెలు కాక అయిదంకెలయితే ఎంతసేపు పడుతుందో మీరే లెక్కగట్టండి.

షిఫ్టు ముగిసింది. కొమురయ్య పైకి వచ్చాడు. దీపం ఇచ్చి బిళ్ల తీసుకున్నాడు. గోడమీద ఇంకా ఒక్క బిళ్ల వేలాడుతూ వుంటే దీపాల గది మనిషి వూరికే కూర్చోడు. "ఎవరింకా రాలేదు?" అని కబురు పంపుతాడు. ఆ మనిషి క్షేమంగా పైకి వచ్చేదాకా లెక్క ముగియదు.

కంప్యూటరు డైరెక్టరీకి ఇటువంటి కబురు పంపేవాళ్ళు లేకపోతే, ఉద్యోగం మానేసిన మనిషి పేరు ఏళ్ళ తరబడి చెట్టుకు వేలాడుతూనే వుంటుంది. ఆ పేరుతో ఎవరు లోపలికి వచ్చినా 'సరే' అనే జవాబే వస్తుంది. పుస్తకం ఎప్పుడూ తనలో రాసి వున్నదే చెబుతుంది. రాసి వున్నది నిజమయ్యేటట్లు చూడవలసింది మనుషులే. మీ బడి హాజరు పుస్తకంలో రోజూ ఎవరు ఈ పని చేస్తున్నారో రేపు ఒకసారి గమనించండి.